చాలు అనే మాట

ఈసారి గోడపత్రికకు "మా ఇంటి వంట" మీద రాయమని మేడమ్ చెప్పినప్పుడు క్లాసులో అందరూ సంతోషపడ్డారు. ఒకరు ఉలవచారు అన్నారు, ఒకరు కోడిగుడ్డు పరోటా అన్నారు. నేను మాత్రం పెన్ను మూసి పెట్టేశాను. మా ఇంటి వంట గురించి రాయాలంటే మా అమ్మ గురించి రాయాలి. ఇప్పుడు మా అమ్మ గురించి రాయాలంటే ఆమె కడుపు గురించి రాయాలి. రెండు రోజులు ఆలోచించి చివరికి అమ్మనే అడిగాను. "రాసుకో కన్ను. నా పేరు వేయొద్దు, బరువు కావాలంటే వేసుకో" అంది. అందుకే బరువుతోనే మొదలుపెడుతున్నాను.

2024 మే నెలలో మా అమ్మ బరువు 112 కిలోలు. ఎత్తు 158 సెంటీమీటర్లు. వయసు 42. ఆ నెల 27వ తేదీన మదురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెకు బరువు తగ్గించే ఆపరేషన్ జరిగింది. కడుపులో దాదాపు 80 శాతం కోసి తీసేశారు. అప్పటికి నా ప్లస్ టూ రిజల్టు వచ్చి మూడు వారాలు. మీలో చాలామంది కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలా అని తిరుగుతున్న రోజుల్లో నేను ఒక గ్లాసు మీద పెన్నుతో గీతలు గీసి 30 మిల్లీలీటర్లు ఎంతో చూసుకుంటున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మాది రెండు భాషల ఇల్లు. నాయన వైపు తెలుగు. విజయనగర రాజుల కాలంలో ఇటు వచ్చినవాళ్ళమని అవ్వ చెబుతుంది. అమ్మ తెన్‌కాశి అమ్మాయి, పుట్టింట్లో తమిళమే. పెళ్ళయి రాజపాళయం వచ్చాక అవ్వ దగ్గర తెలుగు నేర్చుకుంది. మొదట నేర్చుకున్న మాటలన్నీ తిండి మాటలేనట: "ఇంకొంచెం", "వేసుకోండి", "ఏమీ తినలేదే". కోపం వస్తే తమిళం, వడ్డించేటప్పుడు తెలుగు. మా ఇంటికి ఎవరు వచ్చినా, కరెంటు రీడింగ్ తీసే అన్న వచ్చినా సరే, ఏదో ఒకటి తినకుండా గడప దాటరు. వాళ్ళు "చాలమ్మా" అంటారు. "పోదుంక్కా" అంటారు. అమ్మకు రెండు భాషల్లోనూ ఆ మాట వినపడదు. గరిటె అప్పటికే ఆకు మీద ఉంటుంది.

మా ఇంట్లో చాలు అనేది ఒక మర్యాద మాట. అనాలి కాబట్టి అంటారు, వినకూడదు కాబట్టి వినరు. మీ ఇళ్ళల్లో కూడా అంతే అనుకుంటాను.

అందరికీ పెట్టి చివర్లో అమ్మ తినేది. కూర్చుని కాదు, పొయ్యి దగ్గర నిలబడి. మిగిలిన అన్నం, అడుగంటిన కూర, నేను వదిలేసిన ఇడ్లీ ముక్క. పారేయడానికి చెయ్యి రాదు. అమ్మ లావుకు ఇదొక్కటే కారణం అని నేను చెప్పడం లేదు. నేను కడుపులో ఉన్నప్పుడు వచ్చిన షుగరు తర్వాత పోలేదు. థైరాయిడ్ ఉంది. అమ్మమ్మా లావే, మేనమామా లావే. డాక్టరు మాతో మొదట చెప్పిన మాట కూడా అదే: ఇది బద్ధకం కాదు, జబ్బు. ఆ మాట విని అమ్మ ఆసుపత్రి కుర్చీలోనే ఏడ్చేసింది. ఇరవై ఏళ్ళలో ఆమెకు ఆ మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

అంతకుముందు చెప్పినవాళ్ళందరూ వేరే మాటలు చెప్పారు. అన్నం తగ్గించు. పొద్దున్నే ఉలవల నీళ్ళు తాగు. కొర్రలు తిను. తెల్లారుజామున నడువు. అమ్మ అన్నీ చేసింది. మా వీధిలో ఒక అక్క అమ్మిన డబ్బా పొడి కూడా నాలుగు నెలలు తాగింది. 9 కిలోలు తగ్గింది. పొడి ఆపిన ఏడాదిలో 12 కిలోలు పెరిగింది. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరులో ఆడిపూరం తేరుకు ఊరంతా వెళ్తే అమ్మ టీవీలో చూసేది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్.

ఇవన్నీ నాకు అలవాటైపోయాయి. భయపెట్టింది మాత్రం ఆమె నిద్ర. ప్లస్ టూ పరీక్షలప్పుడు అమ్మ పక్కన చాప వేసుకుని రాత్రి చదివేదాన్ని. అమ్మ గురక పెట్టేది, ఉన్నట్టుండి గురక ఆగిపోయేది. గురకతో పాటు ఊపిరి కూడా. ఒక రాత్రి గడియారం చూసి లెక్కపెట్టాను. 22 సెకన్లు. తర్వాత ఎవరో నీళ్ళలోంచి పైకి లాగినట్టు ఊపిరి తీసుకుంది. హిస్టరీ పుస్తకం అలాగే పట్టుకుని తెల్లవార్లూ ఆమె ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను. పొద్దున నాయనకు చెప్పాను. ఆ వారమే మదురై వెళ్ళాం.

డాక్టరు ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మన కడుపు ఒక సంచిలా ఉంటుంది. అందులో పెద్ద భాగాన్ని తీసేసి, అరటికాయలా సన్నని గొట్టం మాత్రం మిగులుస్తారు. దీన్ని స్లీవ్ అంటారు, అంటే చొక్కా చెయ్యి లాంటిది. ఇంకో రకం బైపాస్: పైన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. అది 1966లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టారట. అల్సర్ కోసం కడుపు కొంత కోయించుకున్నవాళ్ళు తర్వాత బరువు తగ్గడం గమనించి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. అమ్మకు స్లీవ్ చాలన్నారు. తీసేసే భాగంలోనే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. "ఆకలేస్తోంది" అని మెదడుకు కబురు పంపేది అదే. కాబట్టి చోటు తగ్గడమే కాదు, ఆకలి కూడా తగ్గుతుంది.

ఎవరికి పడితే వాళ్ళకు చేయరు. బరువును ఎత్తుతో లెక్కగట్టే బాడీ మాస్ ఇండెక్స్ 40 దాటినా, 35 దాటి షుగరు లాంటి జబ్బులున్నా చేయొచ్చని 1991లో అమెరికాలో ఒక హద్దు పెట్టారు. 2022లో ఆ హద్దులు ఇంకా తగ్గించారు. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది కాబట్టి మనకు హద్దు ఇంకా కింద ఉంది. అమ్మ లెక్క 45కు కొంచెం తక్కువ వచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పగానే అవ్వ వద్దంది. "ఆ సినిమా పిల్లకు ఏమయింది?" అంది. ఆర్తీ అగర్వాల్ గురించి. 2015 జూన్‌లో ఆమె అమెరికాలో చనిపోయినప్పుడు కొవ్వు తీసే ఆపరేషన్ గురించి టీవీలో వారం రోజులు చెప్పారు. ఆ భయం అవ్వకు అలాగే ఉండిపోయింది. నేను కూర్చోబెట్టి చెప్పాను: అది లైపోసక్షన్, చర్మం కింద కొవ్వు పీల్చేది, ఒంటి ఆకారం కోసం. ఇది కడుపుకు చేసేది, జబ్బు కోసం. అవ్వ సగం ఒప్పుకుంది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ నెలలో, చెన్నైలో ఒక యువకుడు ఇదే రకం ఆపరేషన్ సమయంలో చనిపోయాడని పేపర్లో వచ్చింది. నాయన ఆ రోజు పేపరు మడిచి స్కూటర్ డిక్కీలో దాచేశారు. కానీ ఇప్పుడు పేపరు దాస్తే వార్త దాగుతుందా? అమ్మ ఫోన్‌లోనే చూసింది.

ఆ రాత్రి అమ్మ నన్ను అడిగింది, "ఏం చేయమంటావ్?" అని. నాకు పద్దెనిమిదేళ్ళు. నేను చేయించుకో అంటే, ఏమైనా అయితే? వద్దంటే, ఆ 22 సెకన్లు ఒకరోజు 23, 24 అయి ఆగకపోతే? నేనేమీ చెప్పలేదు. మరుసటి రోజు అమ్మే డాక్టరును నేరుగా అడిగింది, "ఎంతమంది చచ్చిపోతారు?" అని. ఆయన కోప్పడలేదు. ప్రమాదం లేని ఆపరేషన్ లేదనీ, దీని ప్రమాదం పిత్తాశయం తీసే ఆపరేషన్ లాంటి మామూలు ఆపరేషన్లకు దగ్గర్లో ఉంటుందనీ, ఆపరేషన్ లేకుండా ఇలాగే ఉండడంలో కూడా ప్రమాదం ఉందనీ చెప్పారు. అమ్మ తల ఊపింది. "మోకాళ్ళు లేకుండా ముసలిదాన్ని కాలేను" అంది. అదే ఆమె సంతకం.

తర్వాత పరీక్షలు. రక్తం, గుండె, థైరాయిడ్, కడుపులోకి ట్యూబు వేసి చూసే ఎండోస్కోపీ, స్కాన్, నిద్ర పరీక్ష. మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపారు. ఆమె అడిగిన ప్రశ్న ఒకటి అమ్మ ఇప్పటికీ చెబుతుంది: "మీకు దిగులు వస్తే ఏం చేస్తారు?" అమ్మ ఏమాత్రం ఆలోచించకుండా, "వంట చేస్తాను" అందట. "చేసి?" "పెడతాను." "పెట్టి?" అమ్మకు నోట మాట రాలేదట.

డబ్బు సంగతి దాచను. మూడు లక్షలు దాటింది. నాయన చత్రపట్టిలో ఒక బ్యాండేజి బట్ట యూనిట్‌లో లెక్కలు చూస్తారు. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. బీమా కంపెనీ మొదట ఇది అందం కోసం చేసుకునే ఆపరేషన్ అని కాగితాలు తిప్పి పంపింది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన నిబంధనల్లో, డాక్టరు సలహా మీద, ఫలానా హద్దు దాటిన బరువుకు చేసే ఆపరేషన్‌ను ఆ మినహాయింపులోంచి తప్పించారు. నాయన చెబుతుంటే నేను ఉత్తరాలు టైపు చేశాను. మూడు ఉత్తరాల తర్వాత సగం డబ్బు వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ద్రవాహారం. ప్రోటీన్ పొడి, పల్చటి మజ్జిగ, వడకట్టిన సూప్. అలా ఉంటే కాలేయం కొంచెం కుంచించుకుని డాక్టరుకు దారి ఇస్తుందట. సరిగ్గా ఆ రెండు వారాల్లోనే మేనత్త మనవడి చెవులు కుట్టే వేడుక. అరవై మందికి అమ్మే దగ్గరుండి వండించింది. తాను స్టీలు గ్లాసులో మజ్జిగ తాగుతూ పాయసంలో చక్కెర సరిపోయిందో లేదో నన్ను చూడమంది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. వచ్చినవాళ్ళు "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. "కొంచెం" అంది.

ఆపరేషన్ రెండు గంటలలోపే అయిపోయింది. ఐదు చిన్న రంధ్రాలు, వాటి మీద ఐదు చిన్న ప్లాస్టర్లు. నాయన వాటిని చూసి, "ఇంతేనా? ఇలాగైతే మా చత్రపట్టి ఏం కావాలి?" అన్నారు. మూడు వారాల్లో ఆయన వేసిన మొదటి జోక్ అది. అమ్మకు తెలివి రాగానే అన్న మాట "తణ్ణి". నీళ్ళు ఇవ్వకూడదు, దూదితో పెదవులు తడపాలి అంతే. కోడలితో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడే మా అవ్వ ఆ రోజు వంగి, "కొంజం పొరుమ్మా" అని తమిళంలో అంది. ఆ రోజు నేను చూసిన వాటిలో నాకు బాగా గుర్తున్నది అదే.

ఇక గ్లాసు సంగతి. ఇంటికి వచ్చాక మొదటి వారం పల్చటి ద్రవాలే, ఒక్కో విడతకు 30 మిల్లీలీటర్లు, గుటక గుటకగా. దగ్గు మందు సీసా మూతకు కొంచెం ఎక్కువ, అంతే. కొబ్బరి నీళ్ళు, పప్పు మీది కట్టు, పల్చటి రసం. రెండో వారం పాలు, రాగి జావ. మూడో వారం నుంచి మెత్తగా చేసినవి. ఆ తర్వాత గుడ్డు, చేప, మెత్తటి ఇడ్లీ. రెండు నెలలకు మామూలు తిండి, కానీ గుప్పెడు. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట దాకా కూడా. సోడా లేదు. ఒక్కో ముద్ద ఇరవై ఐదుసార్లు నమలాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. గుప్పెడు పట్టే కడుపులో పది గుడ్లంత ప్రోటీన్ ఎలా పెట్టాలో, లెక్కలంటే పారిపోయి ఆర్ట్స్‌లో చేరిన నేను రోజూ కూర్చుని లెక్క వేసేదాన్ని.

ఆరో రాత్రి అమ్మ గుండె దడదడలాడింది. వేలికి పెట్టుకునే మిషన్‌లో నాడి 116 చూపించింది. జ్వరం, గుండె వేగం, కడుపు నొప్పి, వీటిలో ఏది వచ్చినా కుట్టు దగ్గర లీకు కావచ్చు, వెంటనే రండి అని ఆసుపత్రిలో చెప్పి పంపారు. రాత్రి ఒంటిగంటకు కారు మాట్లాడుకుని మదురై వెళ్ళాం. దారిలో ఎవరం మాట్లాడలేదు. నేను ఆ రోజు 'చేయించుకో' అని అనలేదన్న సంగతి ఎందుకో నాకు ఓదార్పు కాలేదు. స్కాన్ చేసి లీకు లేదన్నారు, నీళ్ళు సరిగ్గా తాగక ఒళ్ళు ఎండిపోయిందన్నారు. సెలైన్ పెట్టారు. ఇల్లంతా నీళ్ళ గుటకలు లెక్కపెడుతూనే ఉన్నాం, అయినా తగ్గింది. ఆ రోజు నుంచి ఫోన్‌లో పావుగంటకోసారి అలారం.

అవ్వ మాత్రం ఓడిపోలేదు. ఏడో వారంలో, ఎవరూ లేనప్పుడు, "పాపం, ఎముకలు తేలాయి" అని ఒక చెంచా శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా పెట్టింది. 2019లో ఆ పాల్కోవాకు జీఐ గుర్తింపు వచ్చింది. అంత పేరున్న తీపి మా అమ్మను పది నిమిషాల్లో మంచం మీద పడేసింది. చెమటలు, దడ, వికారం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుందట. బైపాస్ వాళ్ళకు ఎక్కువ, స్లీవ్ వాళ్ళకూ రావచ్చు. అవ్వ ఆ సాయంత్రం దేవుడి గూటి దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆమెను ఎవరూ తిట్టలేదు. డెబ్బై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన ప్రేమ ఒకటే, దాన్ని చెంచాతోనే పెట్టాలి.

మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. జడ సగమైంది. తగ్గుతుందని, మళ్ళీ వస్తుందని డాక్టరు ముందే చెప్పారు, వచ్చింది కూడా. కానీ దువ్వెన నిండా జుట్టు చూసినప్పుడు ముందే చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది? చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడింది. ఊళ్ళో కొందరు, "ఏం జబ్బు?" అని గుసగుసలాడారు. లావుగా ఉన్నప్పుడు ముఖం మీదే అన్నవాళ్ళు, సన్నబడ్డాక వెనకాల అన్నారు. తేడా అంతే.

అన్నిటికంటే కష్టమైంది ఆకలి లేకపోవడం. మనం ఆకలి ఒక బాధ అనుకుంటాం. అమ్మకు అది ఒక తోడు అని ఆపరేషన్ తర్వాతే తెలిసింది. ఆ దీపావళికి అమ్మ అదిరసాలకు పాకం పట్టింది. చూసిందల్లా వేళ్ళ మధ్య తీగ పాకమే, రుచి చూడలేదు. "సరిపోయిందా?" అని నన్ను అడిగింది. సరిపోయిందన్నాను. అప్పుడు గరిటె పక్కన పెట్టి, "నా చేతి వంట ఎలా ఉంటుందో నేను మర్చిపోతున్నా కన్ను" అంది. పొయ్యి ఆపి ఇద్దరం వంటింట్లో కింద కూర్చున్నాం. ఆ మనసు డాక్టరు అడిగిన "పెట్టి?" అన్న ప్రశ్నకు జవాబు ఆమె అప్పుడు వెతుక్కుంటోందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అమ్మ తగ్గిన ఆరు నెలల్లో నేను 7 కిలోలు పెరిగాను. ఎందుకంటే అమ్మ గిన్నె కొలత తగ్గించలేదు. ఐదుగురికి వండే చెయ్యి ఐదుగురికే వండింది. అమ్మ వాటా మిగిలేది. పారేయడానికి నాకూ చెయ్యి రాలేదు. పొయ్యి దగ్గర నిలబడి తినేదాన్ని. ఒకరోజు అమ్మ నీళ్ళకోసం వచ్చి నన్ను అలా చూసింది. ఏమీ అనలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది. మరుసటి రోజు సంతకు వెళ్ళి చిన్న గిన్నెలు రెండు కొనుక్కొచ్చింది.

అప్పటికే చుట్టాలు, "అమ్మకయింది, నీకెప్పుడు?" అని నవ్వుతూ అడగడం మొదలుపెట్టారు. నవ్వుతూ అడిగారు కాబట్టి నేనూ నవ్వాను. కానీ నాకు ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టరు, నేను మాట్లాడుకోవాల్సిన విషయం. నేను వెళ్ళి చూపించుకున్నాను కూడా. ఇప్పుడు వద్దు, ముందు తిండి, నడక, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష అన్నారు. ఇకమీదట ఎవరైనా అడిగితే ఈ గోడపత్రిక చూడమంటాను.

ఈ ఏడాది మనకు ఆముక్తమాల్యద పాఠం ఉంది కదా. శ్రీకృష్ణదేవరాయలు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మన శ్రీవిల్లిపుత్తూరునే కథకు చోటుగా తీసుకున్నాడు. అందులో విష్ణుచిత్తుడు దారిన పోయే భక్తులందరికీ ఏ కాలానికి తగ్గ భోజనం ఆ కాలంలో పెడతాడు. కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, తప్పు పట్టకుండా తినండి అని అర్ధరాత్రి కూడా ఆ ఇంట్లో మాటలు వినిపిస్తాయట. మేడమ్ ఆ పద్యం చెబుతుంటే నాకు మా వంటిల్లే కనిపించింది. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విని, "మంచిదే. వండినవాళ్ళు ఎప్పుడు తిన్నారో రాశాడా?" అంది. మనకు పాఠంగా ఉన్న పద్యాల్లో వెతికాను, నాకు కనపడలేదు. మేడమ్, మీకు కనపడితే చెప్పండి, అమ్మకు చెప్పాలి.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. అమ్మ ఒక దశలో 73 కిలోలకు వచ్చి, ఇప్పుడు 76 దగ్గర ఉంది. కొంచెం తిరిగి రావడం మామూలేనట, కానీ అశ్రద్ధ చేస్తే ఇంకా వస్తుంది. కడుపు చిన్నదైనా, రోజంతా కొద్దికొద్దిగా మురుకులు నములుతుంటే ఏ ఆపరేషనూ కాపాడదు. ఇన్సులిన్ ఆగింది, షుగరుకు ఒక మాత్ర ఉంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. ఆడవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు అమ్మ సిగ్గుతో నన్ను బయటికి పంపింది. మనం ఆడపిల్లలం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, తెలిసి ఉండాలి. చర్మం ఇంకా వేలాడుతూనే ఉంది. అమ్మ పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది, అంతే.

పోయిన ఆడిపూరానికి తేరు లాగే చోట రెండు గంటలు నిలబడింది. నేను అలిసిపోయి అరుగు మీద కూర్చుంటే, "లే, తేరు వస్తోంది" అని నా చెయ్యి పట్టి లేపింది. రాత్రి నిద్రలో ఇప్పుడు గురక లేదు. అయినా నాకు మధ్యలో మెలకువ వస్తుంది. ఊపిరి వింటాను. వినపడుతుంది. మళ్ళీ పడుకుంటాను.

ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్ళకు అమ్మ పెడుతుంది. ఒక్కటి మారింది. ఎవరైనా "చాలు" అంటే గరిటె ఆగుతుంది. మొదట్లో వచ్చినవాళ్ళు నొచ్చుకున్నారు, ఇంకోసారి అడగలేదేమిటా అని. ఎందుకంటే వాళ్ళు మర్యాదకు అన్నారు. అమ్మ మాత్రం నిజంగా వింది. మూడు ముద్దలకే చాలు అనాల్సి వచ్చి, అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నాలుగో ముద్ద పెట్టబోతుంటే, ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో ఆమెకు తెలిసింది.

జనవరిలో మన డిపార్ట్‌మెంటులో పొంగల్ పండుగకు అమ్మను రమ్మన్నాను. వస్తానంది. ఆమెకు చిన్న గిన్నెలో వెణ్‌పొంగలి రెండు చెంచాలు పెట్టండి. చక్కెర పొంగలి వద్దు. తినేటప్పుడు నీళ్ళు ఇవ్వొద్దు. "ఎంత తగ్గారు ఆంటీ" అనేకంటే తేరు సంగతి అడగండి, సంతోషంగా చెబుతుంది. చాలు అంటే గరిటె వెనక్కి తీసుకోండి. నేనన్నా అంతే.